ఎర్రవంక కల్వర్టు కొరకు ప్రార్థిద్దాం

సెమీ క్రిస్మస్‌కు ముందు గురువారం పొద్దున. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారి పక్కన ఊరు, ఊరు దాటితే ఎర్రవంక కాలనీ. అక్కడ లూదియా ఇంటి వరండా. ఎమ్మెల్యే ఆఫీసు నుంచి శ్యాంసుందర్ వచ్చి కాసేపయింది.

"కల్వర్టు అంశాన్ని తీసి యాడ పెట్టమంటావప్పా?"

"యాడన్నా పెట్టక్కా. ప్రార్థన అంశాల్లో మాత్రం వద్దు. ఆదివారం సెమీ క్రిస్మస్‌కు మా ఎమ్మెల్యే సారు వస్తాడా. ముందు వరసలో కుర్చీలో కూర్చుంటాడా. నువ్వు మైకు పట్టుకుని 'ఎర్రవంక కల్వర్టు కొరకు ప్రార్థిద్దాం' అంటావా. జనమంతా కండ్లు మూసుకుంటారా. అప్పుడు సారు మొగం యాడ పెట్టుకోవల్ల?"

"ఆయన కూడా కండ్లు మూసుకుంటే సరిపోతాది."

"నవ్వులాట కాదక్కా."

"నేను నవ్వలేదే. ఊరికే కూర్చోకుండా ఈ అనపకాయలు రెండు ఒలుచు శ్యాంసుందరూ. చేతులాడతాంటే మాటలు నిదానంగా వస్తాయి."

"ఒలుస్తాలే గానీ, ముందు నా మాట విను. 'మీ ఎమ్మెల్యే మాట' అని నెలనెలా మేము కాగితం పంపేది ఎందుకు? ప్రభుత్వం ఏం చేస్తాంది, సారు ఏం చేస్తాండాడు, జనానికి తెలవల్లని. నియోజకవర్గమంతా పోతాది. పంచాయతీ బోర్డుకు అంటిస్తారు. గుడి కాడ చదువుతారు, మసీదు కాడ చదువుతారు, చర్చిల్లో చదువుతారు. యాడా రాని తంటా మీ చర్చితోనే వచ్చింది."

"మేమూ చదువుతాండాం కదా. ఒక్క నెల మానలేదు."

"చదువుతాండారు. ప్రార్థనలో చదువుతాండారు."

"అప్పా, మా చర్చిలో ఆదివారం చదివేవి మూడే రకాలు. అయిపోయిన మేళ్లు స్తుతి అంశాలు. తేదీ, టైము ఉన్నవి ప్రకటనలు. ఇంకా జరగాల్సినవి ప్రార్థన అంశాలు. పాస్టర్ గారు ఈ పని నాకప్పజెప్పినప్పటి నుంచి అట్లనే విడదీస్తాండా. పెండ్లి కాగితమైనా, ఆపరేషన్ కాగితమైనా అంతే. మీ కాగితం కూడా అట్లనే విడదీసినా."

"ఎట్ల విడదీసినావు, చెప్పు."

"పింఛన్లు ఒకటో తేదీ అన్నారు. ప్రకటన. పశువుల డాక్టరు ఫలానా రోజు వస్తాడన్నారు. ప్రకటన. సారు పుట్టినరోజుకు రక్తదానం అన్నారు. దానికి తేదీ, టైము, స్థలం, ఇడ్లీ వడ కూడా రాసుండె. ప్రకటనే. మిగిలినవన్నీ 'త్వరలో'. త్వరలో కల్వర్టు, త్వరలో వీధి దీపాలు, త్వరలో నీళ్ల ట్యాంకుకు మోటరు. త్వరలో అంటే ఇంకా రానట్టే కదా. రానిదాని కొరకు ప్రార్థన చేయక ఇంకేం చేస్తారు?"

"త్వరలో అంటే రానట్టు కాదక్కా. వస్తాండేటట్టు."

"ప్రభువు రాకడ కూడా త్వరలోనే అని రాసుంది. దానికీ ప్రతి ఆదివారం ప్రార్థనే చేస్తాం."

"ప్రభువుకూ కల్వర్టుకూ పోలిక పెడితే నేనేం చెప్పేది?"

"నేను పోలిక పెట్టలేదు. మాట ఒకటే వాడినారు మీరిద్దరూ."

"అక్కా, నువ్వు డిగ్రీ చదివినదానివి. మీ ఇంటాయన ప్రభుదాసు సారు టీచరు. మీకు చెప్పేంతోన్ని కాదు. గానీ ఆ వీడియో సంగతి నీకు తెలుసా?"

"ఏ వీడియో?"

"నీదే. నువ్వు మైకు కాడ నిలబడి కల్వర్టు కొరకు ప్రార్థిద్దాం అనేది, వెనకాల అందరూ ఆమేన్ అనేది. అవతల పార్టీ వాళ్లు దానికింద ఏం రాసినారో తెలుసా? 'ఎమ్మెల్యే చేతులెత్తేసె, జనం చేతులు జోడించె.' నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా అన్ని గ్రూపుల్లో తిరుగుతాంది."

"ప్రాస బాగుందే. ఎవురు రాసినారో."

"ప్రాస సంగతి ఇప్పుడెందుకక్కా. మొన్న సారు ఆళ్లగడ్డలో పెండ్లికి పోయినాడు. అక్షింతలు ఏసే కాడ ఒకాయన నవ్వుకుంటా, 'ఏమన్నా, కల్వర్టు సంగతి పైకి చెప్పినావంట' అన్నాడంట. సారు అన్నం తినకుండా కారెక్కినాడు."

"పెండ్లి వాళ్లు బాధపడుంటారు."

"ఎవురు తీసినారక్కా ఆ వీడియో?"

"నాకేం తెలుసప్పా. ప్రార్థనలో నా కండ్లు మూసుంటాయి."

"నువ్వు చూడనే లేదా?"

"మా చర్చి జెస్సికా ఫోన్ చేసి నీలం చీర బాగుందక్కా అంటే, అంతవరకు చూసినా."

"అంటే చూసినావు."

"చీర వరకు."

"అక్కా, నేను ఊరికే రాలేదు. నిన్న సారు నన్ను పిలిచి ఏమన్నాడో తెలుసా? 'శ్యామూ, ఆదివారం ఆ కల్వర్టు ప్రార్థనలో వినపడితే సోమవారం నువ్వు ఆఫీసులో కనపడొద్దు' అన్నాడు."

"కోపంలో అంటుంటాడులే."

"పోయినసారి ఇట్ల అంటే డ్రైవరు మనోజ్ పోయినాడు. ఇప్పుడు గోస్పాడు కాడ ఆటో తోలుతాండాడు."

"ఆటో మంచిదే. ఎవురూ స్పీచులు రాయమని అడగరు."

"అక్కా."

"సరేలే. పిల్లలెంతమంది నీకు?"

"ఇద్దరు. చిన్నోడు ఇంగ్లీషు మీడియం."

"చూడు, గింజలన్నీ పొట్టు గిన్నెలో ఏస్తాండావు. ఇట్లియ్యి. పాస్టర్ గారిని అడిగినావా?"

"అడిగినా. లూదియమ్మను అడుగు అన్నాడు."

"సరే, నేను ఆయన్ని అడిగి చెప్తా."

"ఆయన నిన్నడగమన్నాడు కదక్కా."

"అవును. నన్నడిగితే ఆయన్ని అడుగుతానంటా. ఆయన్నడిగితే నన్నడగమంటాడు. మీ ఆఫీసులో ఎట్ల నడుస్తాదో, మా చర్చిలోనూ అట్లనే నడుస్తాది."

"పోనీ, ఈ వారం ఒక్కదానికి చదవకుండా వదిలెయ్. మర్చిపోయినానని చెప్పు."

"అబద్ధం ఎట్ల చెప్తానప్పా? ఒకసారి చదివిన అంశం ఊరికే మాయం కాకూడదు. జనం అడుగుతారు, ఏమైంది, ఎందుకు తీసేసినావు అని. అంశం తీయాలంటే రెండే దారులు. ఒకటి, జవాబు రావల్ల. రెండు, మనవి ఇచ్చినోళ్లే వెనక్కి తీసుకోవల్ల."

"అదే, ఆ రెండోది. ఎవురు మనవి ఇచ్చింది? పేరు చెప్పు. నేను పోయి మాట్లాడతా. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా."

"కాగితం కింద సంతకం ఎవురిదప్పా?"

"సారుది."

"ఇంకేం మరి."

"ఇంకేం అంటే?"

"ఆదివారం ఎట్లనో వస్తాండాడు కదా. కేకు కోసినాక మైకు తీసుకుని, 'అయ్యలారా, అమ్మలారా, మా కల్వర్టు కొరకు ఇంక ఎవురూ ప్రార్థన చేయొద్దండి' అని ఒక్క మాట చెప్తే చాలు. ఆడికాడే కొట్టేస్తా."

"ఆ వీడియో యాడిదాకా పోతాదో ఆలోచించినావా?"

"ఈసారి వేరే చీర కట్టుకుంటాలే."

"ఈ పనికి ఇంకెవుర్నన్నా పంపమని సారుకు చెప్పి ఉండాల్సింది నేను."

"నువ్వే నయం. అనపకాయలు ఒలవడం ఇప్పుడిప్పుడే వస్తాంది."

"సరే, ఇంకో మాట. స్తుతిలో పెట్టు."

"స్తుతిలోనా?"

"శంకుస్థాపన చేసినాం కదా. శిలాఫలకం ఉంది కదా. దాని మీద సారు పేరుంది, తేదీ ఉంది. అది జరిగిన పనే కదా."

"జరిగింది. ఆ రాయికి మా జోసెఫ్ బర్రెను కట్టేస్తాండాడు. బర్రె తరపున కావల్లంటే స్తుతి చెప్పొచ్చు."

"బర్రెను కట్టేస్తాండాడా? సారు పేరుండే రాయికా?"

"పేరున్న వైపు కాదులే. అవతల వైపు."

"అక్కా, ఈ మాట ఇంకెవురికీ చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తా. బర్రె చెప్పకుంటే చాలు. ఇంకో సంగతి, స్తుతి అంటే ఊరికే చదివేది కాదప్పా. సాక్ష్యం ఉండల్ల. ఎవురో ఒకరు లేచి నిలబడి, నాకిట్ల మేలు జరిగింది అని అందరి ముందరా చెప్పల్ల."

"సాక్ష్యమే కదా? మనుషులను నేను తెస్తా. ఇద్దరు చాలా? నంద్యాలలో మన మీటింగులకు వచ్చేవాళ్లు ఉండారు. ఏం చెప్పమంటే అది చెప్తారు. కావల్లంటే ఏడుస్తారు కూడా."

"అబద్ధ సాక్ష్యం పలకరాదని పది ఆజ్ఞల్లో ఉంది. తొమ్మిదోది. మీకు ఎన్ని ఆజ్ఞలుంటాయప్పా?"

"మాకు ఒకటేనక్కా. అన్న చెప్పింది."

"గుర్తు పెట్టుకునేదానికి సులభం."

"అసలు ఆ కల్వర్టు మీద మీకింత పట్టుదల ఏందక్కా? కాగితంలో దీపాలున్నాయి, మోటరుంది. వాటికి ఎవురూ వీడియో తీయలేదు. దీని మీదే ఎందుకు?"

"పోయిన వానల్లో మా అత్త పోయింది. తెలుసు కదా?"

"తెలుసు. సారు సంతాపం పంపినాడు."

"వచ్చింది. మా మామ పేరు మీద వచ్చింది, ఆయన పోయి చానా కాలమైంది. అది పక్కన పెట్టు. ఆ రోజు వంక పొంగింది. పెట్టె ఈ పక్కన, సమాధుల తోటా ఈ పక్కనే. పాస్టర్ గారు మాత్రం అవతల, ఊర్లో. దాటేదానికి లేదు. చివరికి ఆయన అవతల గట్టున గొడుగు కింద నిలబడి ఫోన్ చేసినాడు. మేము స్పీకరులో పెట్టి సమాధి కాడ పట్టుకున్నాం."

"ఫోన్లోనే చేసినాడా?"

"ఫోన్లోనే. 'మన్నైనది మన్నుకు' అనే కాడ మా ఫోన్ చార్జింగు అయిపోయింది."

"అయ్యో. మరేం చేసినారు?"

"మిగిలింది మేమే చెప్పుకున్నాం. మా అత్త బతికున్నప్పుడు కూడా పాస్టర్ గారి ప్రసంగం పూర్తిగా విన్నది లేదు. నిద్రపోయేది. గానీ శ్యాంసుందరూ, అవతల గట్టున ఆయన పెదాలు ఆడతాండేది కనపడతాంది, మాట వినపడదు. మా ఇంటాయన చినుకుల్లో నిలబడి ఆ పక్కకే చూస్తాండాడు. అమ్మ పెట్టె మీద మన్నేయల్లనా వద్దా అని. ఆ ఆదివారమే నేను కల్వర్టును మొదటి అంశం చేసినా."

"అదాక్కా సంగతి."

"ఒలుచు, ఒలుచు. ఆగినావేం?"

"నాకు తెలీదక్కా ఇదంతా. నేను కాగితం రాసేటప్పుడు, పోయిన నెలది తీసి తేదీ ఒకటి మారుస్తా. అంతే."

"మాకు తెలుసులే. ఎండాకాలంలో కూడా 'వర్షాల దృష్ట్యా అప్రమత్తంగా ఉండండి' అని వచ్చింది."

"అక్కా, నువ్వే ఏదో ఒక దారి చెప్పు. నా చేతుల్లో ఏమీ లేదు. ఆదివారం ఆ మాట వినపడకూడదు. అంతే నాకు కావల్సింది."

"దారి ఉంది. మీ 'త్వరలో'ల్లోంచి ఏదో ఒకటి ఆదివారం లోపల నిజం చేయి. దాన్ని స్తుతిలో చదువుతా. దాని వెనకాలే కల్వర్టును కూడా స్తుతిలోకి తెస్తా."

"కల్వర్టును కూడానా? కట్టకుండానే?"

"అది నా పూచీ. సాక్ష్యం కూడా నేనే చూసుకుంటా."

"ఇప్పుడే కదా తొమ్మిదో ఆజ్ఞ అంటివి?"

"దాన్ని నేను మీరనులే. నువ్వు బేరం చూసుకో."

"ఏది నిజం చేయల్ల? దీపాలా? దీపాలు నా వల్ల కాదు, అది కరెంటోళ్లతో పని."

"దీపాలు తర్వాత చూద్దాం. మోటరు. ట్యాంకులో నీళ్లెక్కక ఆడోళ్లంతా బోరింగు కాడ బిందెలు మోస్తాండాం."

"మోటరు కాలిపోయింది కదక్కా."

"కాలింది. రిపేరు కూడా అయ్యింది. మండలాఫీసు షెడ్డులో గోనెపట్ట కప్పి పెట్టినారు. మా సునీత పోయి చూసొచ్చింది. దాని మీద మా కాలనీ పేరు చాక్‌పీసుతో రాసుందంట. సారు చేతుల మీదుగా ఇయ్యల్లని ఆపినారంట. సారుకు చేతులు ఖాళీ లేవంట."

"ఇది నాకెవురూ చెప్పలేదే."

"మా కాగితం మీకు రాదు కదప్పా. మీ కాగితమే మాకు వస్తాది."

"సరే, సారును అడగల్ల. ఆయన మాట లేకుండా షెడ్డు తాళం తీయరు."

"చేయి ఫోన్. స్పీకరులో పెట్టు. నా చేతులకు అనపకాయల జిగురు పట్టింది."

"మాట జాగ్రత్తక్కా. … అన్నా, నేను శ్యామును."

"ఏమైందిరా? తీసిందా లేదా ఆయమ్మ? చెప్పినావా నేను ఎంత—"

"అన్నా, స్పీకరులో ఉండావన్నా. లూదియక్క పక్కనే ఉంది."

"… నమస్తేమ్మా. బాగుండారా అందరూ? సారు స్కూలుకు పోతాండాడా?"

"బాగుండాం సారూ. మీ ఆరోగ్యం కొరకు కూడా ప్రార్థన చేస్తాండాం. అది వేరే అంశం."

"దానికి వీడియో తీయలేదు కదమ్మా?"

"లేదు సారూ. ఆరోగ్యాన్ని ఎవురూ గ్రూపుల్లో పెట్టరు."

"అమ్మా, నిజం చెప్తా విను. ఆ ఫైలు పట్టుకుని నేను ఎక్కని మెట్టు లేదు. పైనోళ్లను అడిగితే రేపు అంటారు. కిందికొచ్చి నేను త్వరలో అంటా. లేదు, కాదు అని కాగితంలో రాసుకోలేను కదా. నేను మాత్రం ఏం చేయల్ల?"

"అందుకే సారూ మేము అడిగింది. మీ పైనోళ్లు మీ మాట వినకపోతే, వాళ్లకు ఇంకా పైనున్నాయనకు చెప్పుకున్నాం."

"అది బాగానే ఉందమ్మా. తప్పు పట్టడం లేదు. గానీ నేను కేకు ముందర నిలబడుకున్నప్పుడు చెప్పొద్దు. పక్కన పార్టీ పరిశీలకుడు ఉంటాడు విజయవాడ నుంచి. ఆయన లెక్కలు వేరే ఉంటాయి."

"అన్నా, అక్క ఒక దారి చెప్తాంది. షెడ్డులో వీళ్ల మోటరు ఉందంట. దాన్ని ఇప్పిస్తే కల్వర్టును స్తుతిలో పెడతాదంట."

"మోటరా? అది నేను వచ్చినప్పుడు ఇద్దామని కదా పెట్టినాం. నా చేతుల మీదుగా ఇస్తే ఒక ఫోటో…"

"ఆదివారం ట్యాంకు కాడ తీసుకోండి సారూ, నీళ్లు పోతాంటే. ఎండు మోటరు పట్టుకున్న ఫోటో కంటే నీళ్లు తాగే ఫోటో బాగుంటాది."

"… శ్యామూ, ఈయమ్మను మన ఆఫీసులో పెట్టుకుందామా?"

"అన్నా, నేనున్నా కదన్నా."

"ఉంటావో లేదో ఆదివారం తెలుస్తాది. షెడ్డు వాళ్లకు నా పేరు చెప్పి మోటరు ఇప్పుడే పంపమను. ఎలక్ట్రీషియన్ వెంకటేశ్‌ను కూడా పంపు. సాయంత్రానికి ట్యాంకు నిండల్ల. అమ్మా, మరి కల్వర్టు?"

"ఆదివారం స్తుతిలో చదువుతా సారూ. మాట తప్పను."

"కట్టందాన్ని ఎట్ల చదువుతావో నాకు తెలీదు. నేను అడగను."

"అడగొద్దు సారూ."

"ఉంటానమ్మా. శ్యామూ, ఆ బర్రె అరుపేందిరా అంత దగ్గరగా?"

"పక్కింటిదన్నా. పెట్టేస్తా అన్నా… అక్కా, ఉండు, షెడ్డుకు చేస్తా. … హలో, ఎమ్మెల్యే ఆఫీసు నుంచి. ఎర్రవంక కాలనీ మోటరు. అదే, గోనెపట్ట కింద. ఇప్పుడే ఆటోలో ఎక్కించండి. లేదప్పా, దండ ఏం వద్దు. రిబ్బను కూడా వద్దు. ఊరికే ఎక్కించండి. ఆ, ఎక్కినాక చెప్పు, లైన్లోనే ఉంటా. … ఎక్కిందా? వెంకటేశ్ కూడా కూర్చున్నాడా? సరే, పోనీయ్."

"టీ తాగుతావా?"

"తాగుతా. బెల్లం టీనా?"

"బెల్లమే. కూర్చో."

"అక్కా, మోటరు బయల్దేరింది. ఇప్పుడన్నా చెప్పు. నాకు భయమైతాంది. ఆదివారం నువ్వు స్తుతి అని చదివితే, ఎవురో ఒకరు లేచి 'యాడుంది కల్వర్టు' అనరా? పరిశీలకుడు ముందరే?"

"ఎవురూ అనరు."

"ఎందుకనరు?"

"అప్పా, ఈ పక్కకు నువ్వు ఎప్పుడన్నా వచ్చినావా?"

"లేదక్కా, ఇదే మొదలు. ఫైల్లో ఫోటోలు చూసినా. వంక యాడుందో మ్యాపులో చూసినా. ఊరికీ కాలనీకీ మధ్యన."

"పొద్దున ఊర్లోంచి ఎట్ల వచ్చినావు?"

"బండి మీద. నేరుగా."

"మధ్యలో యాడన్నా బండి దిగినావా? నీళ్లల్లో తోసుకుంటా వచ్చినావా?"

"లేదే. దారి సుకంగా ఉంది. ఒక కాడ కొత్త సిమెంటు, రెండు పక్కలా పొట్టి గోడలు, కింద నీళ్లు పోతాండె… అక్కా."

"టీ ఒలకబోసుకుంటావు. జాగ్రత్త."

"ఎవురు కట్టినారక్కా?"

"మేమే. కోత పండగకు అందరూ గుమ్మడికాయలు, కోళ్లు, సజ్జలు తెచ్చి చర్చిలో పెడతారు కదా, వాటిని వేలమేస్తే వచ్చిన దుడ్లతో తూములు కొన్నాం. జోసెఫ్ ట్రాక్టరు పెట్టినాడు. ఆడోళ్లం రాళ్లు మోసినాం. ఈ సోమవారంతో సిమెంటు తడిపేది అయిపోయింది. లేచి నిలబడి సాక్ష్యం చెప్పేది మా ఇంటాయన."

"అంటే, నేను రాకపోయినా ఆదివారం అది…"

"స్తుతిలోనే చదువుదును."

"మరి నాతో ఇంతసేపు కల్వర్టు, కల్వర్టు అని…"

"ఆ మాట పట్టుకుని వచ్చింది నువ్వప్పా. మేము పోయిన ఆదివారం నుంచే మోటరును మొదటి అంశం చేసి ప్రార్థన చేస్తాండాం. నువ్వొచ్చినావు."